మేజా అన్నాడు, బల్లే అనుకున్నాం

మా కుటుంబం బాలి ద్వీపానికి వెళ్ళొచ్చిన సంగతి మీద నరసాపురంలో ఇప్పటికి నాలుగు కథలు తిరుగుతున్నాయి. నాలుగూ నేను చెప్పినవే. రేవు దగ్గర టీ కొట్టులో చెప్పినదాంట్లో విమానం రెక్క మీద కొంగ వాలి, దిగేదాకా కునికిపాట్లు పడింది. లేసు కొనే షావుకారుగారికి చెప్పినదాంట్లో ఆ దేశపు రాణిగారు మా అమ్మ చీర అంచు పట్టుకుని చూసి మూర్ఛపోయింది. మిగతా రెండూ రాయదగ్గవి కావు. ఇది ఐదోది. దీన్ని మా అక్క చదివి, ఎర్ర సిరాతో చాలాచోట్ల కొట్టేసి, "ఇప్పుడు నిజంలా ఉంది" అంది. కాబట్టి నమ్మొచ్చు.

నాది లేసు పని. చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళకి దారం ఇచ్చి, వాళ్ళు అల్లిన లేసు తెచ్చి షాపులకి వేస్తాను. దారం తూకం వేసి ఇస్తాను, కబుర్లు ఊరికే ఇస్తాను.

బయల్దేరే ముందు

ప్రయాణం పెట్టింది మా శాంతక్క. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన వారానికే ఇంటికొచ్చి, "ఇన్నేళ్ళూ పిల్లలకి భూగోళం చెప్పానురా. ఒక్క ముక్కైనా కళ్ళతో చూడకపోతే ఎలా?" అని మా అందరికీ టిక్కెట్లు తీసేసింది. అమ్మ, అక్క, నేను, మా ఆవిడ రత్నం, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి బ్లెస్సీ. ఉద్యోగం వదిలినా బడి సెలవుల అలవాటు వదల్లేదేమో, సరిగ్గా క్రిస్మస్ సెలవులకే తీసింది. చిక్కంతా అక్కడొచ్చింది.

అమ్మకి డెబ్భై దాటాయి. షుగరు మనిషి. ఊహ తెలిశాక ఒక్క క్రిస్మస్‌కి కూడా ఆవిడ గుడి తప్పలేదు, బల్ల తప్పలేదు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో చర్చిని గుడనే అంటాం. బల్ల అంటే ప్రభు సంస్కారం. పాస్టరుగారి చేతి మీదుగా రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం. అది తీసుకునేదాకా అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టదు. తుపాను వచ్చిన ఏడాది నడుం లోతు నీళ్ళల్లో గుడికి వెళ్ళింది. (నేను చెప్పేటప్పుడు మెడ లోతు.) నాన్న పోయిన ఏడాది, ఆయన్ని సమాధి చేసిన మూడో రోజే పండగ. అప్పుడూ వెళ్ళింది. చుట్టాలు ఆపబోతే, "ఇవాళ తీసుకోకపోతే రేపట్నుంచి ఎలా బతకను?" అందట.

అలాంటి మనిషి నా వైపు తిరిగి, "ఒరేయ్ దానియేలూ, అక్కడ గుడుందా? బల్ల ఇస్తారా?" అంది.

"అన్నీ చూసుకున్నానే. పెద్ద గుడి. మన గుడికి మూడింతలుంటది. నాదీ పూచీ" అన్నాను.

అప్పటికి నేను ఏమీ చూసుకోలేదు. వెళ్ళాక చూసుకోవచ్చనుకున్నాను.

ఉబుద్: టిక్కెట్టు కొని చూసిన వరిచేలు

బాలిలో మేం దిగిన ఊరు ఉబుద్. మొదటి పూట ఐదుగురం భోంచేస్తే బిల్లు ఆరు లక్షలొచ్చింది. రత్నం మంగళసూత్రం పట్టుకుంది. వాళ్ళ రూపాయిలు అలా లక్షల్లోనే ఉంటాయి, మన లెక్కలో మూడు వేల పైచిలుకు. ఆ ద్వీపంలో ఉన్నన్నాళ్ళూ నేను కోటీశ్వరుణ్ణే. ఈ ఒక్క సంగతి మాత్రం నేను కల్పించింది కాదు.

తిండికి ఇబ్బంది పడలేదు. అన్నంలోకి సంబల్ అని ఒక కారం పెడతారు. మిరపకాయలు, ఉల్లిపాయలు, రొయ్యల ముద్ద. అమ్మ వాసన చూసి, "ఎండ్రొయ్యలేరా! వీళ్ళు మన వైపు వాళ్ళే" అని ఇంకో ముద్ద ఎక్కువ తింది. అరటిపండుని పిండిలో ముంచి వేయించి అమ్ముతారు. రావులపాలెం గెలల మధ్య పెరిగిన నోళ్ళు కదా మావి, తలా నాలుగు తిని, "పండు చిన్నది, పిండెక్కువ" అని పేరు పెట్టాం.

మర్నాడు చూసిన వింత, వరిచేలు. చూడ్డానికి టిక్కెట్టు! రత్నం గట్టు మీద నిలబడి నడుం మీద చేతులేసుకుంది.

"ఏవండీ, కొబ్బరిచెట్లు, కాలవ, వరిచేను. దీనికి పాస్‌పోర్టెందుకండీ? పాలకొల్లు బస్సెక్కితే సరిపోయేది కదా!"

న్యాయంగా చెప్పాలంటే అక్కడి చేలు కొండవాలుకి మెట్లు మెట్లుగా కట్టినవి. మన డెల్టాలో కొండ కావాలంటే ఎక్కణ్ణుంచో తెచ్చుకోవాలి. వెదురు టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన కావడి భుజాన వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. అమ్మ ఆయన దగ్గరికెళ్ళి, "ఎకరానికెన్ని బస్తాలవుతాయండీ?" అని అడిగింది. బ్లెస్సీ ఫోనులో అనువాదం చేసే యాప్ ఉంది. మనం తెలుగులో మాట్లాడితే అది వాళ్ళ భాషలో పలుకుతుంది. ముసలాయన విని, నవ్వి చెప్పింది ఫోను ఇలా పలికింది: "వరి కోతకి వస్తే కోస్తాను. ఫొటో మాత్రం రోజూ పండుతుంది." అంటూనే చెయ్యి చాపాడు. అమ్మ మాత్రం ఆయన కావడి తాళ్ళు సరిచూసి, "కట్టు వదులుగా ఉందండీ" అని బిగించి వచ్చింది.

ఆ ఊళ్ళో పొద్దున్నే ప్రతి గడప ముందూ కొబ్బరాకు దొన్నెలో పూలు, నాలుగు మెతుకులు, ఒక బిస్కెట్టు పెట్టి అగరొత్తి వెలిగిస్తారు. వాళ్ళ దేవతలకి. ఫొటోల హడావుడిలో బ్లెస్సీ ఒకదాన్ని తొక్కేసింది. మేం దిగిన ఇంటావిడ వయాన్‌గారు, ఒత్తి ఆరిపోయాక ఫరవాలేదని నవ్వేసింది. అమ్మ ఒప్పుకోలేదు.

"ఎవరి దేవుడికి పెట్టిందైనా కాలు తగలకూడదే. కళ్ళు నేల మీద పెట్టుకుని నడువు."

మా డ్రైవరు అండి

మా కారు నడిపినతను జావా ద్వీపం నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లిం కుర్రాడు. పెళ్ళయి ఇద్దరు పిల్లలు. వేళకి నమాజు, వేళకి భోజనం, మధ్యలో నవ్వు. ఇంగ్లీషు పది మాటలొచ్చు. అతని పేరు అండి.

గోదావరి వాళ్ళ కారుకి అండి అనే డ్రైవరు దొరికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. "కొంచెం ఆపండి" అంటే అండి ఆపేవాడు, బాగానే ఉంది. "బాగుందండి" అంటే వెనక్కి తిరిగేవాడు. "కాదండి", "అలాగేనండి", "పర్లేదండి", అన్నిటికీ తిరిగేవాడు. రోడ్డు మీద కంటే మా మీదే ఎక్కువ చూపున్నట్టయింది. ఈ కుటుంబం మాటమాటకీ తనని పేరు పెట్టి పిలుస్తోందని అతనికి మహా సంతోషం. వాళ్ళావిడకి ఫోను చేసి మరీ చెప్పాడట.

అన్నిటికంటే పెద్ద కష్టం నాది. రత్నం "ఏవండీ!" అంటే నాకంటే ముందు అతను "యెస్ మేడమ్" అనేవాడు.

"పాతికేళ్ళుగా పిలుస్తున్నా మీరింత తొందరగా ఎప్పుడైనా పలికారా?" అంది రత్నం.

అక్క పడీ పడీ నవ్వింది. అప్పట్నుంచి సీసా మూత తియ్యాలన్నా, సంచీ మొయ్యాలన్నా రత్నం గాల్లోకి "ఏవండీ" అని ఒక్క కేక వేసేది. ఎవరో ఒకరం వెళ్ళేవాళ్ళం.

క్రిస్మస్ ముందు రోజు

ఆ సాయంత్రం అక్క, రత్నం బజారుకెళ్ళారు. అమ్మ మంచం మీద తెల్లచీర తీసి పెట్టుకుని, "రేపు ఎన్నింటికిరా ఆరాధన?" అంది.

"అండికి తెలుసే. కనుక్కుందాం పద" అన్నాను.

వాకిట్లో అండి కారు తుడుస్తున్నాడు. బ్లెస్సీ ఫోను పట్టుకుంది. అమ్మ ఫోనులోకి వంగి, మైకు ముందు సాక్ష్యం చెప్పినట్టు స్పష్టంగా చెప్పింది.

"బాబూ, రేపు క్రిస్మసండి. నాకు పొద్దున్నే గుడిలో బల్ల కావాలండి."

ఫోను వాళ్ళ భాషలో ఏదో అంది. అండి కాసేపు ఆలోచించి, "మేజా?" అన్నాడు.

అమ్మ మొహం వెలిగిపోయింది. మన వైపు కూడా బల్లని మేజా అంటాం కదా. "ఆ, మేజానే! మేజాబల్ల! చూశావా, వీళ్ళూ అలాగే అంటారు."

అండి వేళ్ళు చూపించి ఎంతమంది అన్నాడు. ఐదుగురం అన్నాం. తర్వాత అతనేదో అడిగితే ఫోను తెలుగులో పలికింది: "ద్రాక్షారసం కావాలా?"

"ద్రాక్షారసం లేకుండా బల్లెలా అవుద్దండీ!" అంది అమ్మ.

"రొట్టె?"

"మరి రొట్టె కూడానూ!"

అండి బొటనవేలెత్తి, ఎవరికో ఫోను చేసి, అంతా సిద్ధం అన్నాడు. అమ్మ నా వీపు నిమిరింది. "నువ్వు ఎంత కోతలు కోసినా మాట నిలబెట్టుకున్నావురా" అంది. నిజంగానే నిలబెట్టుకున్నానని నాక్కూడా అనిపించింది. బజారు నుంచి వచ్చిన అక్కకి, "గుడి ఖాయం. రొట్టె, ద్రాక్షారసంతో సహా" అని చెప్పాను. దానికా ఇండోనేషియా భాష రాదు కాబట్టి నమ్మింది.

తనా లోట్: సముద్రం ఒడ్డున బల్ల

పొద్దున్నే తెల్లచీరలో అమ్మ ముందు సీటెక్కింది. చేతిలో బైబిలు. మేం టీ తాగాం, ఆవిడ తాగలేదు. గంట పైనే ప్రయాణం. దారిపొడుగునా ఆవిడ క్రిస్మస్ పాటలు పాడుతుంటే అండి స్టీరింగు మీద తాళం వేశాడు.

తనా లోట్ అనే చోట కారు ఆగింది. ఎదురుగా సముద్రం. సముద్రంలో ఒక పెద్ద బండ. బండ మీద గడ్డి కప్పుల గోపురాలతో గుడి. అచ్చమైన హిందూ దేవాలయం. ఒడ్డున కొండంచు మీద ఒక హోటలు. ఆ గుడి బాగా కనిపించే చోట, తెల్లబట్ట పరిచి, ఐదు కుర్చీలు వేసిన బల్ల. దాని మీద బుట్టలో రొట్టెలు. పక్కనే ద్రాక్ష సారాయి సీసా.

"మేజా! పురా!" అన్నాడు అండి, రెండు చేతులూ చాపి. పురా అంటే గుడని అప్పుడు తెలిసింది.

మేం నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అమ్మ మాత్రం ఇంకా అనుమానపడలేదు. ఆరుబయట ఆరాధన అనుకుందేమో, కొంగు నెత్తి మీదికి లాక్కుని, బల్ల ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని తల వంచింది. ఎర్ర టోపీ, దూది గడ్డం పెట్టుకున్న సర్వరు వచ్చి సీసా బిరడా టప్పుమనిపించాడు. అమ్మ కళ్ళు తెరిచింది.

"ఈయనేంట్రా టోపీ పెట్టుకున్నాడు?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అమ్మా, ఇక్కడి పద్ధతే అంతనే. ఇక్కడ పాస్టరుగార్లు పండగపూట ఎర్ర..."

"ఒరేయ్!" అంది అక్క.

ఆ ఒక్క మాటా పూర్తిచేసుంటే అమ్మ నమ్మేదేమో. నమ్మి ఆ రొట్టె తినేది, షుగరు పడిపోకుండా ఉండేది, నా పూచీ తీరిపోయేది. కానీ అమ్మ నా కళ్ళల్లోకి చూస్తోంది. నేను వాక్యం మింగేశాను.

"గుడి కాదే. హోటలు. ఫోను తప్పు చెప్పింది" అన్నాను.

అమ్మ బైబిలు తీసుకుని లేచి కారు దగ్గరికి నడిచింది.

అక్క అండి దగ్గరికెళ్ళి రెండు వేళ్ళు అడ్డంగా నిలువుగా పెట్టి సిలువ చూపించి, "చర్చ్! చర్చ్!" అంది. అండి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"గెరెజా? గెరెజా!" అంటూ వాళ్ళ భాషలో గోల పెట్టాడు. గుడన్నారు, బల్లన్నారు, చర్చి అని ఎవరన్నారు అని అతని బాధ. నిజమే, ఎవరూ అనలేదు. ఎవరూ ముట్టని రొట్టెలకి, తీసిన సీసాకి డబ్బులిచ్చేసి బయటపడ్డాం. అండి తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు కొట్టి, చివరికి పొలాల మధ్య క్రైస్తవులుండే ఒక ఊరి ఆచూకీ పట్టాడు.

దారంతా బండ్లే. అమ్మ చేతులు సన్నగా వణుకుతున్నాయి. రత్నం బిస్కెట్టు తీసి, "ఒక్కటి తినండత్తయ్యా, దేవుడేమీ అనుకోడు" అంది.

"బల్లయ్యాక."

బ్లెస్సీ ఏడుపు మొదలెట్టింది. "నా వల్లే నానమ్మా, నా ఫోను వల్లే."

"నీ వల్ల కాదే. గుడి సంగతి చూసుకున్నానని ఎవడు చెప్పాడో వాడి వల్ల" అంది అమ్మ, వెనక్కి తిరగకుండానే.

పొలాల మధ్య గుడి

వీధి మొగదల్లో వంగిన వెదురు గడలకి కొబ్బరాకు తోరణాలు వేలాడుతున్నాయి. చెక్కిన రాతి ద్వారం చూసి రత్నం, "మళ్ళీ వాళ్ళ గుడికే తెచ్చాడండీ" అంది. పైన సిలువ నేను చూపించాను. ఆ ఊరి క్రైస్తవులు చర్చిని కూడా తమ పద్ధతిలోనే కట్టుకున్నారు.

ఆరాధన ఎప్పుడో అయిపోయింది. ఆడవాళ్ళు లేసు రవికెల్లో, నడుముకి పట్టు గుడ్డలు కట్టుకుని చాపల మీద అందరికీ వడ్డిస్తున్నారు. నల్ల అంగీ వేసుకున్న ఒక నడివయసావిడ మాకెదురొచ్చింది. అక్క ఇంగ్లీషులో మాట్లాడింది, ఆవిడా బాగానే మాట్లాడింది.

మా ఊళ్ళో పాస్టరుగారిని అయ్యగారంటాం, ఆయన భార్యని అమ్మగారంటాం. అమ్మ ఆవిడకి దణ్ణం పెట్టి, "అమ్మగారూ, అయ్యగారేరండీ?" అంది.

"ఈవిడే అయ్యగారమ్మా" అంది అక్క.

అమ్మ ఆవిణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "ఈవిడ అయ్యగారైతే మరి అమ్మగారెవరే? ఈవిడ మొగుడా?"

ఇంకో రోజైతే దీని మీద నేను వారం రోజులు బతికేవాణ్ణి. కానీ అక్క మొహం మారిపోయింది. పాస్టరుగారు చెప్పిందేంటంటే, వాళ్ళ సంఘంలో సంస్కారం ఏడాదికి కొన్నిసార్లే ఇస్తారు. ఇవాళ క్రిస్మస్ ఆరాధన జరిగింది గాని బల్ల లేదు.

అక్క ఆ మాట తెలుగులో చెప్పింది. అమ్మ గుడి మెట్టు మీద కూర్చుండిపోయింది. కోపగించుకోలేదు, ఏడవలేదు. చీర కుచ్చిళ్ళు ఒకటికి రెండుసార్లు సర్దుకుంది. అండి ఎక్కణ్ణుంచో గొడుగు తెచ్చి ఎండ తగలకుండా పట్టాడు.

పాస్టరుగారు పక్కన కూర్చుని అమ్మ మణికట్టు పట్టుకుంది. వణుకు తెలిసింది కాబోలు, ఏం తిన్నారని అడిగింది. అక్క అంతా చెప్పింది, నాన్న పోయిన ఏడాదితో సహా. ఆవిడ లోపలికెళ్ళి ఒక చిన్న చెక్కపెట్టె తెచ్చింది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ ఒక పెద్దావిడ క్రిస్మస్‌కి తనకి ఇంటి దగ్గర బల్ల ఇమ్మని ఎన్నాళ్ళుగానో అడుగుతోందట. ఇప్పుడు అక్కడికే బయల్దేరుతోంది.

"కానీ అది ఆవిడ ఇల్లు. ఆవిణ్ణి అడగాలి. ఒప్పుకుంటే మీరు లోపలికి రావచ్చు" అంది.

మంచం పక్కన

రెండు సందుల అవతల ఇల్లు. మేం వాకిట్లో నిలబడ్డాం. లోపల్నుంచి ఏదో మాట్లాడుకోవడం వినిపించింది. తర్వాత పాస్టరుగారు తలుపు దగ్గరికొచ్చి నవ్వింది.

"ఎవరో చెప్పకముందే రమ్మంది. పండగపూట ఎండలో నిలబెట్టారా అని నన్ను తిట్టింది."

మంచం మీద పెద్దావిడ అమ్మ ఈడుదే. ఎడమ చెయ్యి, రెండు కాళ్ళూ కదలవు. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. అమ్మని మంచం మీదే, తన పక్కనే కూర్చోమని కుడి చేత్తో తట్టింది. పాస్టరుగారు ఒక స్టూలు మీద తెల్లబట్ట పరిచి, పెట్టె తెరిచి, రొట్టె ముక్కలు, వేలెడంత గ్లాసులు పెట్టింది. వాళ్ళ భాషలో ప్రార్థన చదువుతుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక చోట అమ్మ తల ఎత్తింది. "పరలోకమందున్న మా తండ్రీ" అని తెలుగులో అందుకుంది. అది ప్రభువు ప్రార్థనే అని ఎలా పోల్చుకుందో! వాళ్ళది ముందు అయిపోయింది. అమ్మది ఇంకా రెండు మాటలు మిగిలాయి. అందరూ ఆగారు.

రొట్టె తీసుకుంది. ద్రాక్షారసం తీసుకుంది. మూసిన కళ్ళు చాలాసేపు తెరవలేదు.

ఆ ఇంటి కోడలు అన్నం జావ తెచ్చింది. రత్నం పట్టబోతే అమ్మ గిన్నె లాక్కుని, చివరి మెతుకుదాకా తానే తాగింది. మొహానికి రంగొచ్చింది. వణుకు తగ్గిన చేతిని పెద్దావిడ కాళ్ళ మీద వేసి, మేం వద్దనేలోపే గట్టిగా ప్రార్థన మొదలెట్టేసింది.

"ప్రభువా, ఈ తల్లికి కాళ్ళివ్వు. ఆడమనిషైనా, ఈ అయ్యగారికి బలమివ్వు. తప్పుదారిలో తీసుకెళ్ళినా తిరిగి దారిలో పెట్టిన ఆ అబ్బాయి పిల్లల్ని చల్లగా చూడు. మా దానియేలు నోటికి తాళం వెయ్యి. వేసి, తాళంచెవి మా శాంతకివ్వు."

పాస్టరుగారు నా వైపు తిరిగి, మీ అమ్మ ఏమని ప్రార్థించారు అని అడిగింది.

నాకొచ్చిన ఇంగ్లీషులో, "లోక శాంతి కోసమండి. మీ ద్వీపంలో పంటల కోసం, వానల కోసం..." అన్నాను.

అక్క కళ్ళజోడు సర్దుకుని, మొదట్నుంచీ చివరిదాకా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది. పాస్టరుగారు నవ్వాపుకుంటూ దాన్ని వాళ్ళ భాషలోకి మార్చి పెద్దావిడ చెవిలో వేసింది. ఆవిడ శ్రద్ధగా విని, నా వైపు చూసి, కదిలే ఆ ఒక్క చెయ్యీ పైకెత్తింది.

ఆ గదిలో అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది ఆవిడే.